వేసవి కూలియా? నేల చదువా?



కోతలు ముగిసి, కళ్ళములు ఊడ్చి, ఎండలు ముదిరిన వైశాఖ మాసమున మన పల్లెలలో ప్రతి కూలి ఇంటను ఒక లెక్క జరుగుచుండును. పట్నములో చదువుచున్న బిడ్డ సెలవులకు ఇంటికి వచ్చియుండును. మామిడి తోటలో కాయకోత ఉన్నది. పొగాకు గ్రేడింగు ఉన్నది. ఇటుక బట్టీ ఉన్నది. ఈ రెండు నెలల కూలి చేతికి వచ్చిన గాని రాబోవు ఏటి పుస్తకములకు, హాస్టలు ఖర్చులకు డబ్బు కుదరదు.

ఇట్టి సమయమున బడి పంతులుగారు వచ్చి, "అమ్మా, మీ పిల్ల తెలివైనది. నేలలు, నీరు, అడవి వీటిని గురించి నేర్పు శిబిరమొకటి ఉన్నది. ఎనిమిది వారములు. పంపండి" అని చెప్పినారనుకొనండి. ఆ తల్లి ఏమనును? "చదువు మంచిదే పంతులుగారూ. మరి ఈ రెండు నెలల కూలి ఎవరిస్తారండీ?" అనును.

ఆ ప్రశ్నలో తప్పు లేదు. చదువుపై అయిష్టత లేదు. ఆ ఇంటి లెక్క అది. ఈ ప్రశ్నకు జవాబు లేకపోవుటచేతనే నేలపై పుట్టి, నేలపై పెరిగి, నేలను చేతితో ఎరిగిన ఎందరో బిడ్డలు నేలశాస్త్రము దరిదాపులకు పోలేకున్నారు. ఈ ప్రశ్న మన దేశమున మాత్రమే ఉన్నది కాదు. అమెరికాలోను ఉన్నది. అక్కడ దీనికి చెప్పిన జవాబు ఒకటి మనము తెలిసికొనదగినది. పేద ఇండ్ల నుండి, వెనుకకు నెట్టబడిన జాతుల నుండి వచ్చిన విద్యార్థులకు వేసవిలో భృతి ఇచ్చి, ప్రకృతి సంరక్షణ శాస్త్రము నేర్పు పద్ధతియే అది.

లోపల ఎవరు లేరు?

అమెరికాలో అడవులను, నదులను, నేలలను, వన్యమృగములను కాపాడు సంస్థలు చాల ఉన్నవి. కొన్ని ప్రభుత్వమువి, కొన్ని దాతలవి, కొన్ని సభ్యుల చందాలతో నడచునవి. ఈ సంస్థలలో ఎవరు పనిచేయుచున్నారో లెక్క తీయవలెనని డార్సెటా టేలర్ అను ఆచార్యురాలు పూనుకొన్నారు. ఆమె జమైకా దీవిలో జన్మించి, మిషిగన్ విశ్వవిద్యాలయములో అధ్యాపకురాలుగా పనిచేసినవారు. 293 సంస్థలను పరిశీలించి 2014లో ఆమె నివేదికను ప్రకటించినారు.

ఆ దేశ జనాభాలో నల్లవారు, స్పానిష్ మూలమువారు, ఆసియా వారు, ఆదిమ తెగలవారు మొదలగు అల్పసంఖ్యాక వర్గములు కలసి అప్పటికి నూటికి సుమారు 38 మంది. కాని పర్యావరణ సంస్థల ఉద్యోగులలోను, పాలకమండలులలోను వారి భాగము నూటికి 16ను మించలేదని ఆ నివేదిక తేల్చినది.

దీని వలన ఎవరికి నష్టము? ఉద్యోగము దొరకని వారికి మాత్రమే అనుకొనవద్దు. నేలకు నష్టము, నీటికి నష్టము. మురుగు కాలువ ప్రక్కన ఇల్లు కలవారికి ఆ నీటి సంగతి తెలియును. పల్లపు చేలో నాటు వేసినవారికి వరద ఏ గట్టును మొదట త్రెంచునో తెలియును. ఇట్టివారి బిడ్డ ప్రయోగశాలలో లేనప్పుడు, అక్కడ కొన్ని ప్రశ్నలు పుట్టనే పుట్టవు. అడుగని ప్రశ్నకు శాస్త్రము జవాబు చెప్పజాలదు.

ఒక్కడు లోనికి వచ్చినందుకు

ఇది ఊహ కాదు. చరిత్రలో నిదర్శనమున్నది. జార్జి వాషింగ్టన్ కార్వర్ పేరు మీలో కొందరు వినియుందురు. వేరుశనగ రైతులు తప్పక వినదగిన పేరు. ఆయన 1864 ప్రాంతమున మిస్సోరి రాష్ట్రములో బానిస తల్లికి జన్మించినారు. చదువుకొనవలెనని ఒక కళాశాలకు దరఖాస్తు పంపగా సీటు ఇచ్చినారు. తీరా వెళ్ళిన తరువాత, నల్లవాడని చూచి వెనుకకు పంపినారు. ఆయన నిరాశపడలేదు. ఇతరుల బట్టలు ఉతికి పొట్టపోసికొనుచు చదువు సాగించి, 1891లో అయోవా వ్యవసాయ కళాశాలలో చేరినారు. 1894లో పట్టము, 1896లో పై పట్టము పొందినారు. ఆ కళాశాలలో చదివిన మొదటి నల్ల విద్యార్థి ఆయనయే.

1896లో అలబామా రాష్ట్రములోని టస్కీగీ విద్యాలయమునకు వ్యవసాయ శాఖాధిపతిగా వెళ్ళినారు. అక్కడి నేలలు ఏండ్ల తరబడి ప్రత్తియే వేసి వేసి సారము కోల్పోయినవి. ప్రత్తి వేయువారిలో పెక్కుమంది పాలికాపులు, కౌలుదారులు. కొన్న ఎరువు వేయుటకు వారికి స్తోమత లేదు. కార్వర్ వారికి అలసందలు, వేరుశనగ, చిలగడదుంప వేయుడని బోధించినారు. అలసంద, వేరుశనగ వేళ్ళపై ఉండు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించును. ఆ వేళ్ళు, ఆకులు నేలలో కలిసినచో తరువాతి పైరునకు బలము. కాయ ఇంటికి తిండి. డబ్బు పెట్టనక్కరలేని ఎరువు ఇది.

రైతు కళాశాలకు రాలేడు గనుక కళాశాలయే రైతు వద్దకు పోవలెనని, 1906లో టస్కీగీ వారు ఒక బండి కట్టినారు. దాత పేరిట దానిని జెసప్ బండి అన్నారు. పనిముట్లు, విత్తనములు, నమూనాలు అందులో పెట్టుకొని ఊరూర తిరిగి చూపినారు. నేటి మన విస్తరణ పనికి అది పూర్వజులలో ఒకటి.

ఆలోచించండి. ఆ ఒక్క మనిషి కూడ బట్టలు ఉతుకుటతోనే బ్రతుకు గడిపియుండినచో ఆ పాలికాపుల నేలలకు దిక్కెవరు? ఆయన పట్టుదల గొప్పదే. కాని ప్రతి బిడ్డయు అంతటి కష్టమును దాటి రావలెనని కోరుట న్యాయము కాదు. దాటలేక ఆగిపోయిన వారెందరో మనకు లెక్క తెలియదు.

కూలి ఇచ్చి పని నేర్పిన రోజులు

1930-40 మధ్య కాలమున అమెరికాలో రెండు కష్టములు ఒక్కసారి వచ్చినవి. ఒకటి నిరుద్యోగము. రెండవది నేల కొట్టుకొనిపోవుట. మధ్య మైదానములలో గడ్డినేలలను దున్ని గోధుమ వేసినందున, కరవు రాగానే పైమట్టి గాలికి లేచి దుమ్ము తుపానులై పోయినది. 1933లో ఆ ప్రభుత్వము యువకులను చేర్చుకొని సంరక్షణ దళమును ఏర్పరచినది. 1942 వరకు అది పనిచేసినది. సుమారు 30 లక్షల మంది యువకులు అందులో పాల్గొని కోట్లాది చెట్లు నాటినారు, గట్లు పోసినారు, వాగులకు అడ్డుకట్టలు కట్టినారు.

వారికి నెలకు 30 డాలర్ల వేతనము. అందులో సాధారణముగా 25 డాలర్లు నేరుగా ఇంటికి పంపబడెడివి. ఈ ఏర్పాటులోని తెలివిని గమనించండి. ఇంట పొయ్యి వెలుగుచున్నదని తెలిసిన యువకుడు నిశ్చింతగా అడవిలో పని నేర్చుకొనగలడు. తల్లి అడుగు ప్రశ్నకు జవాబు ముందే చెప్పబడినది.

కాని ఆ పథకములో లోటు లేకపోలేదు. 1935 నుండి నల్ల యువకులను వేరు శిబిరములలో ఉంచినారు. స్త్రీలకు అందులో చోటు లేదు. కూలి ఇచ్చుట వారు నేర్చినారు గాని, అందరిని సమముగా పిలుచుట నేర్వలేదు.

పొగాకు ధనము, అడవి చదువు

ఇక ఇటీవలి కాలపు పథకమునకు వత్తము. దాని మూలధనము మన గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతులకు కొత్తది కాదు. అది పొగాకు ధనము.

జేమ్స్ బుకానన్ డ్యూక్ అను అమెరికా వర్తకుడు సిగరెట్ల వ్యాపారముతో అపార ధనము గడించినాడు. 1902లో ఏర్పడిన బ్రిటిష్ అమెరికన్ టొబాకో కంపెనీకి ఆయనయే మొదటి అధ్యక్షుడు. ఆ కంపెనీ కుటుంబమునకు చెందిన సంస్థ 1910లో కలకత్తాలో వెలసి, 1912లో గుంటూరు ప్రాంతమున ఆకు పొగాకు అభివృద్ధి కంపెనీని నెలకొల్పినది. మన నల్లరేగళ్ళకు వర్జీనియా పొగాకు, బారన్లు వచ్చిన దారి అదియే.

ఆ డ్యూక్‌గారి ఏకైక కుమార్తె డోరిస్ డ్యూక్. 1912లో పుట్టి 1993లో మరణించినది. ఆమె వీలునామా ననుసరించి 1996లో ఒక ధర్మనిధి ఏర్పడినది. ఆ నిధి కళలకు, వైద్య పరిశోధనకు, పర్యావరణమునకు ధనము ఇచ్చుచున్నది. 2013లో ఆ నిధి వారు డోరిస్ డ్యూక్ సంరక్షణ విద్యార్థుల పథకమును ఆరంభించినారు. వాషింగ్టన్, మిషిగన్, శాంతా క్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము, ఫ్లారిడా, ఉత్తర ఆరిజోనా మొదలగు విశ్వవిద్యాలయములు ఆ ధనముతో వేసవి శిక్షణలను నడపినవి. సంరక్షణ రంగములో తగినంత మంది లేని వర్గముల విద్యార్థులను అందులోనికి తెచ్చుట వారి ఉద్దేశము.

ఆ శిక్షణ తీరు ఎట్టిదో చూతము.

మొదటిది, భృతి. వేసవిలో హోటళ్ళలోను, అంగళ్ళలోను పనిచేసి సంపాదించుకొను విద్యార్థి ఆ సంపాదన వదలుకొని రావలెను గదా! అందుచేత శిక్షణకాలమునకు భృతి ఇచ్చినారు. బస, ప్రయాణపు ఖర్చులు కూడ భరించినారు. ఇది బహుమానము కాదు, దానము కాదు. బిడ్డ వదలుకొన్న కూలికి బదులు.

రెండవది, వయస్సు. చదువు ముగిసినవారిని గాక, కళాశాలలో తొలి సంవత్సరములలో ఉన్నవారిని తీసికొన్నారు. అప్పటికి దారి ఇంకను తేలియుండదు. మొక్క లేతగా ఉన్నప్పుడు మళ్ళు మార్చినచో వేరు బాగుగా పట్టును గదా!

మూడవది, రెండు వేసవులు. మొదటి వేసవి సుమారు ఎనిమిది వారములు ఆరుబయటనే చదువు. శాంతా క్రూజ్ విద్యార్థులు కాలిఫోర్నియాలో విశ్వవిద్యాలయము వారి రక్షిత క్షేత్రములలో డేరాలు వేసికొని తిరిగినారు. 1965లో మొదలైన ఆ క్షేత్రములు నేడు 40కి మించి ఉన్నవి. సముద్రతీరము, ఎడారి, కొండ అడవి, గడ్డినేల అన్నియు అందులో ఉన్నవి. తాము చూచినదానిలో ఒక ప్రశ్నను తామే ఎన్నుకొని, కొలిచి, లెక్కకట్టి, తోటివారి ముందు చెప్పవలెను. రెండవ వేసవిలో ఒక కార్యాలయములోనో, సంరక్షణ సంస్థలోనో, పరిశోధకుని వద్దనో నిజమైన పని.

నాలుగవది, పెద్ద దిక్కు. ప్రతి విద్యార్థికి మార్గము చూపు గురువు ఒకరు ఉందురు. ఏ పాఠము తీసికొనవలెను, ఏ దరఖాస్తు ఎట్లు వ్రాయవలెను, ఎవరిని కలిసికొనవలెను అని చెప్పువారు వీరే. చదువుకొన్నవారి ఇంట ఈ సంగతులు భోజనము వద్ద మాటలలోనే తెలిసిపోవును. మొదటితరము విద్యార్థికి చెప్పువారుండరు.

ఐదవది, తోడు. ఒక్కరిగా పంపక జట్టుగా పంపినారు. కొత్తచోట తానొక్కడే వేరువాడనను బెరుకు ఎంతటి తెలివైన బిడ్డనైనను క్రుంగదీయును. పదిమంది తనవంటివారున్నచో నోరు విప్పును.

ఈ ఐదింటిలో ఏ ఒక్కటి లేకున్నను మిగిలినవి నిలువవు. భృతి లేనిదే బిడ్డ రాదు. గురువు లేనిదే దారి తెలియదు. రెండవ వేసవి లేనిదే మొదటి వేసవి విహారయాత్రగా ముగియును.

మన నేలపై జరిగిన పని

"ఇవన్నియు డబ్బున్న దేశపు మాటలు" అని మీరనవచ్చును. అట్లు అనుటకు ముందు మన జిల్లాలలోనే జరిగిన పనిని జ్ఞాపకము చేసికొనండి. 2003 తరువాతి సంవత్సరములలో ఆహార వ్యవసాయ సంస్థ సహాయముతో, స్వచ్ఛంద సంస్థల ద్వారా, రైతులే భూగర్భజలమును నిర్వహించుకొను పథకము సాగినది. అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగరు, నల్లగొండ అను ఏడు కరవు జిల్లాల ఊళ్ళలో అది నడచినది. అందులో రైతులు, వారిలో స్త్రీలు కూడ, వానమాపకమును చదివినారు. బోరుబావులలో నీటి మట్టమును కొలిచి పుస్తకములో వ్రాసినారు. ఊరి గోడపై పట్టికలు వేసినారు. రబీకి ముందు ఊరంతయు కూర్చుండి, భూమిలో ఉన్న నీరెంత, వేయదలచిన పైర్లకు కావలసిన నీరెంత అని జమాఖర్చు చూచినారు. పట్టములు లేనివారే ఆ పని చేసినారు. కొలతకు తెలివి, ఓపిక, నిజాయితీ చాలునని వారు ఋజువు చేసినారు.

మన వ్యవసాయ కళాశాలల విద్యార్థులు చివరి సంవత్సరమున పల్లెలకు వచ్చి రైతుల ఇండ్ల మధ్య ఉండి పని నేర్చుకొనుట మీరు చూచుచునే ఉన్నారు. అది మంచి ఏర్పాటు. కాని అది కళాశాలలో సీటు వచ్చినవారికి. మన వ్యవసాయ విశ్వవిద్యాలయములలో రైతుబిడ్డలకు ప్రత్యేకముగా సీట్లు కేటాయించు పద్ధతియు ఉన్నది. అయినను ఇంటరు చదువుచున్న కూలి బిడ్డకు, గిరిజన గూడెపు బిడ్డకు, సెంటు భూమి లేని ఇంటి ఆడపిల్లకు ఆ సీటు దాక దారి చూపునది ఏది? సీటు ద్వారము వంటిది. ద్వారము తెరచి ఉంచినంత మాత్రమున చాలదు. అంతవరకు నడచుటకు బాట వేయవలెను. వేసవి భృతి అట్టి బాట.

మరొక మాట. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ఉపాధి హామీ పథకము ప్రారంభమైనది. ఆ పనులలో ఎందరో తల్లులు ఎండలో చెరువు పూడిక తీసినారు, కందకములు త్రవ్వినారు. ఆ కందకము వాలునకు అడ్డముగా ఎందుకుండవలెనో ఆ తల్లి చేతులకు తెలియును. ఆమె బిడ్డ ఆ సంగతినే పుస్తకములో చదివి, కొలిచి, ఎంత నీరు ఇంకినదో లెక్క చెప్పగలిగిన రోజున చేతి తెలివియు, చదువు తెలివియు ఒక్క ఇంట కలియును.

ఒక ఊరు, ఒక బిడ్డ, ఎనిమిది వారములు

పెద్ద నిధి కొరకు ఎదురుచూడనక్కరలేదు. ఒక ఊరు పూనుకొన్నచో ఒక బిడ్డకు ఒక వేసవి భృతి ఇవ్వవచ్చును. లెక్క ఇది: వారమునకు ఆరు దినముల చొప్పున ఎనిమిది వారములకు 48 పనిదినములు. మీ ఊరి రోజుకూలిని 48తో గుణించండి. రోజుకు 400 రూపాయలనుకొన్నచో 19,200 రూపాయలు. సహకార సంఘము, పాలసంఘము, రైతు ఉత్పత్తిదారుల సంఘము, మహిళాసంఘము, పట్నములో స్థిరపడిన ఊరివారు తలా కొంత వేసికొన్నచో ఇది మోయరాని బరువు కాదు. కూలిలో సగమిచ్చి సరిపెట్టవద్దు. సగము కూలికి వచ్చు బిడ్డ సగము దినములే వచ్చును.

ఆ బిడ్డ చేయదగిన పనులు ఇవి. ఇవన్నియు ఊరికి పనికివచ్చునవే.

1. మట్టి నమూనాలు. పైరు లేని వేసవియే దీనికి తగిన కాలము. గట్ల వద్ద, చెట్ల నీడన, పెంటకుప్పలు వేసిన చోట్ల తీయరాదు. ఒకే తీరుగా ఉన్న మడిలో ఎనిమిది పది చోట్ల పైన చెత్త తొలగించి, 15 సెంటీమీటర్ల లోతున 'వి' ఆకారపు గుంట తీసి, ప్రక్క నుండి పలుచని పొరగా మట్టి తీయవలెను. అంతయు గుడ్డపై కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు రెండు భాగములు పారవేయవలెను. అరకిలో మిగులు వరకు ఇట్లే చేసి, నీడన ఆరబెట్టి, రైతు పేరు, సర్వే నంబరు, వేయబోవు పైరు వ్రాసి సంచిలో పెట్టవలెను. ఒక బిడ్డ ఒక వేసవిలో ఒక ఊరి పొలములన్నింటికి ఈ పని ముగింపగలదు.

2. బావుల మట్టము. వారమునకొకసారి, తెల్లవారుజామున మోటార్లు వేయకముందు, ఒర అంచున ఒకే గుర్తు నుండి నీటి వరకు టేపుతో కొలిచి తేదీతో వ్రాయవలెను. వేసవిలోను, మరల కార్తికములోను కొలిచినచో ఊరి నీటి జమాఖర్చు తేలును.

3. వానకొలత. వానమాపకమును చెట్లకు, గోడలకు దూరముగా నిలిపి, ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నరకు చదువవలెను. ఒక ఎకరముపై ఒక్క మిల్లీమీటరు వాన పడినచో సుమారు 4,000 లీటర్ల నీరు వచ్చినట్లు. తొలకరిలో 20 మిల్లీమీటర్ల జల్లు పడిన రోజున ఎకరమునకు 80,000 లీటర్లు! అందులో ఎంత నిలిచినది, ఎంత వాగు పాలైనది అని ఆ బిడ్డ ఊరివారిని అడుగవలెను.

4. వాలు గుర్తించుట. రెండు కర్రలు 'ఏ' అక్షరము వలె కట్టి, నడుమ అడ్డకర్ర కట్టి, పైనుండి రాయి కట్టిన దారము వ్రేలాడదీసినచో సమమట్టము చూచు సాధనమగును. చట్రమును ఒకచోట నిలిపి దారము అడ్డకర్రను తాకుచోటు గుర్తుపెట్టి, తరువాత కాళ్ళను అటునిటు మార్చి అదే చోట్ల నిలిపి మరల గుర్తుపెట్టవలెను. రెండు గుర్తుల నడిమి చోటు సరియైన మట్టము. దీనితో చేనిపై ఒకే మట్టపు గీత గీసి, దాని వెంట దున్నినచో పైమట్టి నిలుచును.

5. చెరువు మట్టి పరీక్ష. పూడిక మట్టిని సీసాలో నీటితో కలిపి బాగుగా కుదిపి కదలక ఉంచవలెను. ఇసుక కొద్ది నిమిషములలో అడుగునకు చేరును. ఒండ్రు గంటలలో దిగును. బంకమట్టి దిగుటకు ఒకటి రెండు దినములు పట్టును. పొరల మందము కొలిచినచో ఏ చెరువు మట్టి ఏ ఇసుక చేనికి తగునో తెలియును.

6. పెద్దల జ్ఞాపకములు. ఏ సంవత్సరము ఏ బావి ఎండినది, వరద ఎంతవరకు వచ్చినది, ఏ చెట్టు మాయమైనది, ఏ పాత విత్తనము ఎవరి ఇంట మిగిలినది అను సంగతులు ముసలివారిని, ముఖ్యముగా ముసలమ్మలను అడిగి వ్రాసికొనవలెను. ఇవి ఏ కార్యాలయములోను దొరకవు.

ఎనిమిదవ వారమున ఆ బిడ్డ గ్రామసభలో నిలిచి తాను కొలిచినదంతయు చెప్పవలెను. వ్రాసిన పుస్తకము ఊరి వద్దనే ఉండవలెను. మరుసటి వేసవి మరల ఆ బిడ్డనే పిలువండి. ఈసారి వ్యవసాయ అధికారి వద్దనో, కృషి విజ్ఞాన కేంద్రము వారి వద్దనో, అటవీశాఖ వారి వద్దనో పని చూచు ఏర్పాటు చేయమని కోరండి. మార్గము చూపుటకు బడి పంతులుగారినో, ఊరి నుండి చదివి పైకి వచ్చిన వారినో ఒకరిని ఒప్పించండి.

ఎవరిని ఎన్నుకొనవలెను?

ఇక్కడ ఒక జాగ్రత్త. భృతి అనగానే పెద్దయింటి బిడ్డకో, సంఘాధ్యక్షుని మేనల్లునికో పోవుట మనకు తెలియనిది కాదు. ఆ బిడ్డ ఎట్లయినను చదువుకొనును. భృతి లేకున్నచో వేసవిలో కూలికి పోక తప్పని బిడ్డ ఎవరో ఊరిలో అందరకు తెలియును. మొదట ఆ ఇంటి తలుపు తట్టండి. మార్కులు మాత్రమే చూడవద్దు. గట్టు తెగినప్పుడు నీరు ఎటు పోవునో నిలిచి చూచు బిడ్డ, ఈ చెట్టునకు పురుగు ఎందుకు పట్టినదని అడుగు బిడ్డ, అట్టి బిడ్డను చూడండి. ఆడపిల్ల అయినచో జట్టుగా ఇద్దరు ముగ్గురిని తీసికొనండి. తల్లిదండ్రులకు నిశ్చింతగా ఉండును, పిల్లలకు ధైర్యముగా ఉండును.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ బిడ్డ ఈ పనికి పోయినచో పొలము పని మరచునని భయపడవద్దు. పొలమును వదలి పారిపోవు చదువులు చాల ఉన్నవి. ఇది పొలమును మరల చూచుటకు నేర్పు చదువు.

రైతు సోదరులారా! విత్తనమును గాదెలో పెట్టి, మొలకెత్తలేదని నిందింపము గదా. నేల, పదును, కాలము అమర్చుదుము. బిడ్డ విషయమునను అంతే. రాబోవు వేసవికి ఇంకను సమయమున్నది. ఈ మాసమున జరుగు గ్రామసభలో ఈ మాట ఎత్తండి. 48 దినముల కూలిని ప్రోగుచేయండి. తరువాత ఆ ఇంటికి వెళ్ళి, తల్లి అడుగకముందే జవాబు చెప్పండి: "అమ్మా, ఈ రెండు నెలల కూలి ఊరు ఇచ్చుచున్నది. బిడ్డను పంపండి."